గొయ్యి సారు సంతకం

మొన్నటి వానలకి మా వెనక వీధిలో ఒక సెప్టిక్ ట్యాంకు భూమిలోంచి లేచి బయటికొచ్చింది.

పగల్లేదు, పొంగలేదు. మూతతో సహా, చెక్కు చెదరకుండా, చెరువులో మునిగి లేచిన ఏనుగులా నిండుగా లేచింది. కొత్త ఇల్లు, ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదు. రెడీమేడ్ ట్యాంకు కొని తెచ్చి ఇసుకలో పూడ్చి, ఖాళీగా వదిలేశారు. మాది సముద్రపు ఒడ్డు నేల. మామూలు రోజుల్లో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, వాన పడితే రెండడుగులకే నీళ్ళు. కింది నీళ్ళు పైకొచ్చాయి, ఖాళీ ట్యాంకు పడవలా తేలింది. చూడ్డానికి జనం విరగబడ్డారు. మైపాడు నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారని నేను చెబుతుంటాను. "ఒక్కటే ఆటో" అని మా ఆవిడ సవరిస్తుంది. ఒక్కటైనా మరి అది ఆటోయే కదా.

ఆ ఇంటాయన ఫోను పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు. "ఫోటో తీసి పంపించినాను గదన్నా, అప్రూవల్ వచ్చేసింది గదన్నా, మళ్ళీ ఇదెట్ట లేచింది?" అని.

గుంపులోంచి ఎవరో అన్నారు: "గొయ్యి సారు ఉండే రోజుల్లో అయితే దీనికి లేచే ధైర్యం ఉండేదా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. పక్కవాడి ట్యాంకు గాల్లో ఉండి మన ట్యాంకు భూమిలో ఉన్నప్పుడు వచ్చే నవ్వు అది. అంత మంచి గుణమేమీ కాదని తెలుసు. ఇంటికొచ్చి మా వెనక పెరట్లో ఇంకుడు గొయ్యి దిబ్బ మీద కాసేపు నిలబడి, కాలితో రెండుసార్లు తొక్కి చూసుకున్నాను. కదల్లేదు. అప్పుడు ఆయన గుర్తొచ్చాడు.

ఆయన పేరు నాకు తెలుసు, కానీ రాయను. రాస్తే ఎవరో చదివి చెబుతారు. చెబితే ఆయన సూళ్ళూరుపేట దగ్గర కూతురింటి నుంచి మోపెడ్ వేసుకొచ్చి, "నాకేముంది సార్, మీరు రాసుకున్నారు" అంటూనే ఇందులో ఎన్ని అడుగులు ఎక్కువ చెప్పానో కొలుస్తాడు. ఆయన కొలిస్తే ఇందులో మిగిలేది మూడు వాక్యాలు.

మా మండలంలో కొత్త ఇల్లు కట్టినవాళ్ళు సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గొయ్యి సరిగ్గా పెట్టుకున్నారో లేదో చూసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఆఫీసు కాగితాల్లో దానికి మూరెడు పేరు ఉంది. జనానికి అంత తీరిక లేదు కాబట్టి గొయ్యి సారు అన్నారు. ఆయన కూడా ఫోన్లో "నేను గొయ్యి సారుని మాట్లాడతా ఉండాను" అనే చెప్పుకునేవాడు.

మనిషి మహా సన్నం. మేడ మీద గాలిగొట్టం పక్కన నిలబడితే, పైన టోపీ ఉన్నది గొట్టం, లేనిది సారు అని మేస్త్రీలు ఆనవాలు పట్టేవారు. ఎప్పుడూ తెల్ల చొక్కా, అదీ పొడుగు చేతులది. ఆయన చేసే ఉద్యోగానికి ఖాకీయో నలుపో వేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు. ఆయన తెల్లదే వేసుకునేవాడు. పొద్దుటి నుంచి పది గోతుల్లోకి వంగి చూసినా సాయంత్రానికి ఆ చొక్కా మీద మరక ఉండేది కాదు. మా చర్చిలో ఈస్టరు రోజు కూడా అంత తెలుపు నేను చూడలేదు. గొడుగు వీపు వెనక కాలరుకి తగిలించుకునేవాడు. ఎండలో నడిచేటప్పుడు కూడా అది వీపునే ఉండేది. "మరి విప్పరేం సార్?" అని అడిగితే, "గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి పోతాది గదా" అనేవాడు.

మోపెడ్‌కి ఒక గోనెసంచి వేలాడేది. అందులో కొబ్బరితాడు. అడుక్కొక ముడి, బోరుకీ గొయ్యికీ మధ్య ఉండాల్సిన యాభై అడుగుల దగ్గర ఎర్రగుడ్డ. టేపు వాడేవాడు కాదు. "టేపును లాగినోడు లాగినట్టు చూపిస్తాది సార్. ఈ తాడు నా మాట కూడా వినదు" అనేవాడు.

ఇక ఆయన నోటి వెంట రోజుకి నూరుసార్లు వచ్చే మాట ఒకటుంది. "నాకేముంది సార్, సంతకం గీకేదానికి అరనిమిషం." ఈ మాట మొదటిసారి విన్నవాడు సంబరపడి పెన్ను తీసి ఇస్తాడు. రెండోసారి విన్నవాడు పెన్ను జేబులోనే ఉంచుకుంటాడు. మూడోసారి విన్నవాడికి అర్థమవుతుంది, ఆ మాట తర్వాత ఆయన మోపెడ్ ఎక్కి వెళ్ళిపోతాడని.

మనుషుల్ని ఆయన ట్యాంకులతో గుర్తుపెట్టుకునేవాడు. ఒకసారి చిల్లకూరు పక్కన పెళ్ళికి వెళితే, బంతిలో నాకు ఎదురుగా కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి సిల్కు పంచె సర్దుకుంటూ వచ్చి అందరినీ పలకరిస్తున్నాడు. ఆయన్ని చూడగానే మా సారు ముఖం విప్పారింది.

"ట్యాంకు ఎట్టుండాది?" అన్నాడు, పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకునే.

చుట్టూ ఉన్న ఇరవైమంది చేతులూ విస్తళ్ళ మీదే ఆగిపోయాయి. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం, హాస్టల్లో చదివే కొడుకు క్షేమం అడిగినట్టు మురిసిపోయి, "బో బాగుండాది సార్, మొన్ననే మూత మార్పించినాను" అన్నాడు.

"గట్టి కట్టుబడి సార్ వీళ్ళది" అని నాతో చెప్పి, సారు ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆ రోజు పెరుగన్నం మానేశాను.

ఇట్లాంటి మనిషి చేతికి నా ఇల్లు చిక్కింది.

మూడేళ్ళ కిందటి మాట. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఊరి చివర సరుగుడు తోపును ఆనుకుని ఉత్తరం ముఖంగా ఇల్లు కట్టాను. ఆయన సంతకం పెట్టనిదే పంచాయతీ ఇంటి నంబరు ఇవ్వదు. నంబరు లేనిదే కరెంటు మీటరు రాదు. జూన్ మొదటి ఆదివారం గృహప్రతిష్ఠ ఆరాధన అని కార్డులు అచ్చువేయించి పంచేశాను. పాస్టరు గారు ఆ రోజు ఇంకెవరికీ మాట ఇవ్వలేదు. అద్దె ఇంటాయన మేము సోమవారం ఖాళీ చేస్తామని చెప్పి మంగళవారం నుంచి ఇంకొకరికి ఇచ్చేశాడు. చేతిలో మూడు వారాలున్నాయి. నాకైతే బోలెడంత ధీమా. ఎందుకంటే నేను కాలవల ఆఫీసులో ఇరవైయేళ్ళుగా పని చేస్తున్నవాణ్ణి. ఈ జిల్లాలో సగం నీళ్ళు నేను కాగితం మీద పారించినవే.

సారు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, లోపలికి రాకుండా అక్కడినుంచే అడిగాడు.

"ఇంట్లో ఎంతమంది సార్?"

"నలుగురమండీ."

"క్రిస్మస్‌కి?"

"క్రిస్మస్‌కంటే... మా అక్కావాళ్ళు, తమ్ముళ్ళు, పిలకాయలు అంతా వస్తారు. ఒక ముప్పై అనుకోండి."

"ఎన్నిరోజులు ఉంటారు?"

"న్యూ ఇయర్ ఆరాధన అయ్యేదాకా."

"ఆ ముప్పైమంది వచ్చేది ట్యాంకుకి ఎవరన్నా ముందే చెబుతారా సార్?" అని చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

తర్వాత వాయవ్య మూలకి, మా ఇంకుడు గొయ్యి దగ్గరికి నడిచాడు. మా మేస్త్రీ పక్కనే ఉన్నాడు. మేము ప్రార్థన చేసుకునేవాళ్ళం, మాకు వాస్తు పట్టింపు లేదు. కానీ మేస్త్రీకి ఉంది. మమ్మల్ని అడక్కుండానే ఈశాన్యంలో బోరు వేయించి, వాయవ్యంలో ట్యాంకూ గొయ్యీ తవ్వించాడు. పోనీలే, ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనుకున్నాను.

సారు ఒక బకెట్టు నీళ్ళు తెప్పించి గోతిలో పోసి, వాచీ చూసుకోవడానికి చొక్కా చెయ్యి పైకి లాగాడు. వాచీ బయటపడేలోపే నీళ్ళు మాయం. బకెట్టు అంచున వేలాడుతున్న ఆఖరి చుక్క కూడా తొందరపడి దూకింది.

మేస్త్రీ రొమ్ము విరుచుకున్నాడు. "చూసినారా సార్! ఒక్క గుక్కలో మింగేసింది. నా చేతి గొయ్యి ఎప్పుడూ నిండదు."

సారు ముఖంలో మాత్రం బెంగ కనిపించింది. "అదే గదా నా భయం. అంత ఆకలి ఏంది దీనికి? మెల్లంగా తాగితే ఇసకలో వడకట్టుకోని పోతాది. ఇట్ట మింగితే ఉన్నదున్నట్టు పోతాది. మింగిందాన్ని యాడికి పంపిస్తా ఉండాదో ఎప్పుడన్నా అడిగినావా నువ్వు?"

అని మా పడమటి గోడ మీదుగా అవతలికి తొంగి చూశాడు.

గోడకి అవతల పడమటింటి అక్క బోరు ఉంది. అక్క అంటే నాకు వరసకి అక్క కాదు, వీధి మొత్తానికి అక్క. భర్త పోయాక రెండు గేదెల మీద సంసారం లాక్కొస్తున్న మనిషి. మా వీధిలో ఏ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. మా బోరు నీళ్ళతో పప్పు వండితే ఉప్పు వెయ్యక్కర్లేదని నేను చెబుతుంటాను. అక్క బోరులో మాత్రం ఎట్లా పడ్డాయో తియ్యటి నీళ్ళు. పొద్దునా సాయంత్రం ఆమె మోటారు వేస్తుంది, వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో వస్తారు. ఎవరికీ లేదనదు.

సారు తాడు తీశాడు. ఒక కొస నా గోతిలో, ఒక కొస ఆమె బోరు దగ్గర. పదహారు ముళ్ళు. ఎర్రగుడ్డ సంచిలోంచి బయటికే రాలేదు.

"మన వీధంతా ఇంతే సార్," అన్నాడు. "అందరికీ ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో గొయ్యి. మీ వాయవ్యం మీ పడమటింటికి ఈశాన్యం. ఎవరింట్లో వాళ్ళు చూసుకుంటే అంతా పద్ధతిగానే ఉండాది. వీధిగా చూస్తే, తూర్పింటోళ్ళ గొయ్యి పక్కనే పడమటింటోళ్ళ తాగేనీళ్ళు." నావైపు తిరిగాడు. "మీరు నీళ్ళ ఆఫీసులోనే గదా సార్ చేసేది?"

"అవునండీ."

"కాగితాల మీదేనా?"

వెటకారమైతే తిప్పికొట్టేవాణ్ణి. ఆయన నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

అప్పుడు మేస్త్రీని అడిగాడు: "ఇంకా ఎవరూ వాడలేదు గదా దీన్ని?"

మేస్త్రీ నేలవైపు చూశాడు. "మా కూలోళ్ళు... ఒక రెండు వారాల్నించి..."

ఆ మాట గోడ దూకింది. అవతల గేదెకి గడ్డి వేస్తున్న అక్క చేతిలో మోపు అట్లాగే పట్టుకుని గోడ దగ్గరికొచ్చింది.

"ఏంది అబ్బయ్యా? నా నీళ్ళల్లో నీ నీళ్ళు కలుపుతా ఉండావా?"

"అక్కా, నాకు తెలియదక్కా..."

"నీకు తెలవదు. నీ మేస్త్రీకి తెలవదు. నేను రెండు వారాలుగా ఈదికంతా బిందెలు నింపి పంపిస్తా ఉండాను. ఎవరికన్నా కడుపులో నొప్పి వస్తే నన్నంటారా, నిన్నంటారా?"

చరచరా వెళ్ళి మోటారు ఫీజు పీకి, కొంగున ముడేసుకుంది. "సారు మంచియ్యని చెప్పిందాకా చుక్క ఇయ్యను. నేనూ తాగను, ఊరికీ పొయ్యను."

సారు ఆ గొయ్యిని అప్పటికప్పుడు మూయించి సున్నం పోయించాడు. అక్క బోరు నీళ్ళు సీసాలో పట్టి, నెల్లూరులో పరీక్షకి ఇస్తానన్నాడు. తర్వాత మోపెడ్ ఎక్కి, "నాకేముంది సార్, అరనిమిషం పని" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి వీధికి పంచాయతీ ట్యాంకరే గతి. రోజు మార్చి రోజు వచ్చేది, మధ్యాహ్నం మండుటెండలో. ట్యాంకరు దగ్గర తోసుకునే ఆడవాళ్ళంతా బిందె ఎత్తుకుని మా ఇంటి ముందునుంచే పోయేవారు. ఒక్కరూ నన్ను తిట్టలేదు. మా గేటు దగ్గరకొచ్చాక బిందెను ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకునేవాళ్ళు. అంతే. నలభైమంది ఆడవాళ్ళు ఒకే చోట బిందె మార్చుకుంటే మగవాడు ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు. నలభై కాదు పద్నాలుగు అని మా ఆవిడ అంటుంది. తలెత్తుకోలేకపోవడానికి పద్నాలుగు చాలు.

నేను చెయ్యాల్సిన తెలివితక్కువ పని కూడా చేశాను. నాకు తెలిసిన ఒక పెద్దమనిషితో ఆయనకి ఫోన్ చేయించాను. నా ఎదుటే మోగింది. సారు వినయంగా లేచి నిలబడి మాట్లాడాడు.

"తమరు చెప్పినాక చెయ్యకుండా ఉంటానా సార్. తప్పకుండా. ఒక్కటే సార్, తమరి మాట నేను వింటాను, నీళ్ళు వినవు. పడమటికి పోవద్దని వాటికి గూడా ఒక మాట చెప్పేస్తే పనైపోతాది."

ఫోను కట్టయింది. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నాతో మాట్లాడడు.

రెండో వారంలో సారు మళ్ళీ వచ్చాడు. నాకు ఆయన బాగా గుర్తుండిపోయింది ఆ రోజే. "ట్యాంకు ఉన్నచోటే ఉండనీండి, అది చుక్క కారదు. గొయ్యి మాత్రం కదలాల. మీ స్థలంలోనే దానికి చోటుండాదేమో వెతుకుదాం" అన్నాడు. ఒక పుల్ల తీసుకుని, తాడు ఒక కొస మా బోరు దగ్గర పాతించి, ఎర్రగుడ్డ దగ్గర పుల్ల కట్టి, ఇసుకలో గీత గీసుకుంటూ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మధ్యలో ఇల్లు అడ్డం. ఆయన ఆగలేదు. తాడు వీధి గుమ్మంలోంచి వచ్చి, హాలు దాటి, పడగ్గది కిటికీలో దూరి, అవతల తేలింది. మా ఆవిడ హాల్లో తాడు పట్టుకుని నిలబడింది. "ఏమండీ, లాగమంటారా, వదలమంటారా?" అని ఆవిడ అరుస్తుంటే, పెరట్లోంచి సారు "మీరు కదలకండమ్మా, ఇంటికి మీరే ఆధారం" అంటున్నాడు.

రెండో చుట్టు అక్క బోరు నుంచి. తాడు కొస పట్టుకోవడానికి అక్క ఒప్పుకుంది, నావైపు చూడననే షరతు మీద. మూడో చుట్టు వెనక సరుగుడు తోపులో ఉన్న మోటారు బోరు నుంచి. ఒక్కో చుట్టుకీ నా స్థలం కొంత మాయమవుతోంది. గంట తర్వాత చూస్తే కంసాలి గీసిన నగలా ఉంది నా నేల, మూడు వంపు గీతలతో. ఏ చుట్టులోనూ పడకుండా మిగిలింది వెనకవైపు ఆగ్నేయ మూలలో, మహా అయితే చాప పరిచేంత చోటు.

సారు ఆ చోట్లో గొంతుక్కూర్చుని, ఇసుక మీద అరచెయ్యి ఆనించి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "ఉండాది సార్! ఇక్కడుండాది!" అన్నాడు, తప్పిపోయిన పిల్ల దొరికినట్టు.

ఆ మూల సరిగ్గా మా వంటింటి కిటికీ ముందు.

"కిటికీ తీస్తే మల్లెపందిరి కనబడాలని ఈ ఇల్లు కట్టించుకున్నాను" అంది మా ఆవిడ. "ఇప్పుడేం కనబడుద్ది?"

"మట్టిదిబ్బ కనబడుద్దమ్మా. ఇక్కడ కింద నీళ్ళు పైకుంటాయి గాబట్టి గొయ్యి లోతుగా పనికిరాదు, కొంత పైకి దిబ్బగా పొయ్యాల. గడ్డి ఏసుకోండి, పచ్చంగుంటాది. మల్లె మాత్రం వొద్దు, వేర్లు దిగుతాయి." తర్వాత మెల్లగా అన్నాడు. "ఇదొక్కటే చోటు తల్లీ. ఇది గాకపోతే నేను సంతకం పెట్టను, ఆయమ్మ మోటారు ఎయ్యదు."

మా ఆవిడ గోడవైపు చూసింది. గోడకి అవతల అక్క తాడు కొస ఇంకా పట్టుకునే ఉంది. ఏమనుకుందో ఏమో, "పందిరి ముందువైపు వేసుకుంటాలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రీ మాత్రం ఒప్పుకోలేదు. ఆగ్నేయం అగ్ని మూల, అక్కడ గొయ్యి తవ్వనన్నాడు. "మాకు పట్టింపు లేదయ్యా" అన్నాను. "మీకు లేకపోవచ్చు సార్, నా చేతికి ఉండాది" అని పలుగూ పారా సర్దుకున్నాడు. ఆదివారానికి ఎనిమిది రోజులు. వేట నిషేధం నెలలు కావడం నా అదృష్టం. సముద్రంలోకి పడవలు పోకూడదు కాబట్టి మైపాడు మత్స్యకారులు ఇద్దరు అన్నదమ్ములు పనికొచ్చారు. ఇసుక తవ్వడం వాళ్ళకి ఆట. సిమెంటు వరలు దించి, చుట్టూ కంకర పోసి, ఇంటిని చుట్టి పైపు వేశారు. పైపుకి వాటం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి సారు రోజూ సాయంత్రం వచ్చి దాని పక్కన బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. లేచి దులుపుకుంటే చొక్కా మళ్ళీ తెల్లగానే ఉండేది.

శనివారం వచ్చింది. మర్నాడే ఆరాధన. షామియానా వాళ్ళు గుంజలు పాతుతున్నారు. పొద్దున పదింటికి వస్తానన్న మనిషి మధ్యాహ్నం రెండైనా రాలేదు. నేను గేటుకీ పెరటికీ మధ్య తిరిగిన తిరుగుడికి నెల్లూరు పోయి రావచ్చు. మూడింటికి మోపెడ్ చప్పుడు.

సారు దిగి తిన్నగా దిబ్బ దగ్గరికి పోయాడు. "ట్యాంకు నీళ్ళతో నింపినారా?" నింపాం. "బాత్రూములో నాలుగు బకెట్లు పొయ్యమనండి." మా ఆవిడ పోసింది. ఆయన దిబ్బ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి చెవి పెట్టాడు. ఒక వేలు పైకెత్తాడు. షామియానా వాళ్ళు గుంజలు కొట్టడం ఆపేశారు. ఇంటి చుట్టూ తిరిగి నీళ్ళు వస్తున్నాయి, వస్తున్నాయి. ఆ ప్రయాణమంత పొడుగు నిమిషం నా జీవితంలో ఇంకొకటి లేదు.

"వచ్చింది," అన్నాడు గొంతు తగ్గించి. "మెల్లంగా తాగతా ఉండాది."

లేచి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "ఆయమ్మ బోరు నీళ్ళు పరీక్ష అయింది సార్. మంచి నీళ్ళే. ఏ దోషమూ లేదు. పొద్దున తొమ్మిదింటికి ఇస్తామని చెప్పి ఒంటిగంట దాకా నిలబెట్టినారు, అందుకే ఆలస్యం." అక్కడే దిబ్బ అంచున కూలబడ్డాను. ఆయన నా కాగితాన్ని మోపెడ్ సీటు మీద పెట్టి సంతకం పెట్టాడు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

పెట్టేసి, పెన్ను జేబులో పెట్టుకుని, మోపెడ్ దగ్గరే నిలబడిపోయాడు. బండి ఎక్కడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. ఆయన ఇబ్బంది పడటం నేనెప్పుడూ చూడలేదు.

"సార్," అన్నాడు చివరికి. "పొద్దున ఆరింటికి ఎలబారినాను. మూడు ఇళ్ళు తిరిగినాను, యాడా సంతకం కాలేదు. సంతకం పెట్టని ఇంట్లో అడిగేది బాగుండదు గదా. మీ ఇంట్లో... ఒకసారి పోవచ్చునా?"

నా కంటే ముందు మా ఆవిడకి అర్థమైంది. రేపు పాస్టరు గారి కోసం తెచ్చిన కొత్త టవలు, విప్పని సబ్బు పట్టుకొచ్చి, పెళ్ళికొడుక్కి ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చింది. సారు గొడుగు కాలరుకి అట్లాగే తగిలించుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మేము కట్టిన ఇంట్లో మొట్టమొదట తలుపు వేసుకున్న మనిషి ఆయనే.

గోడ మీద అక్క తల కనిపించింది.

"సారు బండి ఉండాది, సారు యాడ అబ్బయ్యా?"

"లోపలక్కా."

"యాడ లోపల?"

చేత్తో చూపించాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడు వారాల తర్వాత నావైపు చూసి నవ్వడం అదే.

"నీ నీళ్ళు మంచివేనంట అక్కా. ఇదిగో పరీక్ష కాగితం."

"కాగితం నేనేం చదవతాను? ఆయన నీ ఇంట్లో లోపలికి పొయినాడంటే చాల్లే."

కొంగు ముడి విప్పుకుంటూ వెళ్ళింది. మోటారు ఒకసారి దగ్గి, అందుకుంది. ఎట్లా తెలుస్తుందో ఏమో, నిమిషంలో వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. అదే సమయానికి మా బాత్రూములోంచి నీళ్ళు దూకిన చప్పుడు వినిపించింది. ఆ నీళ్ళు ఇంటి చుట్టూ తిరిగి ఆగ్నేయానికి పోయాయి. అక్క నీళ్ళు బిందెలెక్కి వీధిలోకి పోయాయి. దారిలో ఎక్కడా ఒకదానికొకటి ఎదురుపడలేదు.